ముళ్ల తీగకు రబ్బరెందుకు

సలసల కాగే నీళ్లు జొన్నపిండిలో పోసి కర్రతో కలిపి, చెయ్యి పెట్టగలిగేంత వేడికి దిగాక ఉషారాణి పిండి పిసకడం మొదలుపెట్టింది. పొయ్యి మీద పెనం కాలుతోంది. కంచె పనికి పోయినవాళ్లకు ఎండెక్కక ముందే రొట్టెలు చేరాలి. పిండి చల్లారితే రొట్టె అంచులు పగులుతాయి. పగిలిన రొట్టె కంటబడితే అత్త సక్రికి ఆ పూట తిట్లకు అది చాలు.

ఏడాదిగా ఆ ఇంట్లో సక్రికి ఏదో ఒకటి చాలుతూనే ఉంది. కిందటేడు మక్కజొన్న కంకులు పాలు పట్టే రోజుల్లో, అడవిపందుల కావలికి పోయిన కొడుకు కోటేష్ తెల్లారేసరికి వాగు ఒడ్డున శవమై కనిపించాడు. పాము కరిచిందన్నారు. ముందు రోజు సాయంత్రం మొగుడూ పెళ్లాం మాటా మాటా అనుకున్నారు. “నువ్వు ఇంట్ల కూసుంటే పందులు నీ కోసం ఆగుతయా?” అని ఉషారాణి అనబట్టే అతను అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె ఆ మాట అన్నప్పుడు సక్రి గడప అవతలే ఉంది. అప్పటి నుంచి ఆ మాటను తిప్పి తిప్పి కోడలికి అప్పజెబుతూనే ఉంది.

అలాంటి ఇంటికి పోయిన వారం ఉషారాణి అన్న జగదీష్, ఎవరూ పిలవకుండానే, ట్రాక్టరు నిండా కంచెకు పాతే రాతి కడీలూ ముళ్ల తీగ చుట్టలూ వేసుకొచ్చి వాకిట్లో దించాడు. “ఇగ నీ చేన్ల పంది అడుగు పెడితే నన్నడుగు చెల్లె” అన్నాడు. వెంట తండ్రి గోప్యా, తల్లి బాలి కూడా వచ్చారు. వాళ్లది పరాయి ఊరేమీ కాదు. వాగుకు ఇవతల కోటేష్ చేను, అవతల గోప్యా చేను, రెండింటినీ ఆనుకుని అడవి. అయినా కూతురి ఇంట్లో మకాం వేసి, తమ చేను పని పక్కన పెట్టి, ఆమె చేనుకు కంచె వేస్తున్నారు. తండాలో అందరూ మెచ్చుకున్నారు. ఉషారాణి కూడా రాత్రి బడికి పోయే కూతుర్ని నిద్రపుచ్చి, తను పడుకునే ముందు ఆ కడీలను ఓసారి తడిమి వచ్చింది.

“రొట్టె గంత మందం ఏంది?” మేకల కర్ర కోసం లోపలికి వచ్చిన సక్రి పెనం వైపు చూసి అంది. “నీ అన్న నోట్లకు పోవాలె. గొడ్లకు ఏస్తున్నవా?”

“మా పిల్లగాడు మందం రొట్టెనే తింటడు వదినా,” అంది బాలి, ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతూ.

“తినాలె. కష్టం చేసేటోడు తినాలె.” సక్రి గొంతు కొంచెం మెత్తబడింది. “నీ కొడుకు మంచోడు వదినా. అబద్ధం ఎందుకు చెప్పాలె, ఈడ అందరూ నా కొడుకు పోయినంక మొకం తిప్పుకున్నోళ్లే. వాడొక్కడే అన్న అనిపించుకున్నడు. గీ కంచె నిరుడే ఉంటే నా కొడుకు కావలికి పోవుడెందుకు, ఇంట్ల ఉన్నోళ్లు నోరు పారేసుకునుడెందుకు?”

చివరి మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. ఉషారాణి రొట్టె తిప్పేసింది. తల్లి తన తరఫున ఒక్క మాటైనా అంటుందేమోనని ఓరగా చూసింది. బాలి తల ఎత్తలేదు. తొడిమ తీసిన మిరపకాయనే మళ్లీ తుంచుతోంది.

సక్రి మేకలను తోలుకుని గుట్ట దిక్కు పోయింది. ఉషారాణి రొట్టెలను గుడ్డలో చుట్టి, పచ్చడి గిన్నె పైన పెట్టి, గంప నెత్తిన పెట్టుకుని చేను దారి పట్టింది.

* * *

చేను అప్పటికే వేరే చేనులా కనిపిస్తోంది. అడవి వైపు కడీలు వరసగా నిలబడ్డాయి. మూల కడీ పడిపోకుండా దానికి ఏటవాలుగా ఇంకో కడీ ఆన్చి పాతారు. కోయగూడెం నుంచి కూలికి వచ్చిన భద్రయ్య గుంతలో నిలబడి, కడీ చుట్టూ రాళ్లు వేసి గడ్డపారతో కుమ్ముతున్నాడు. గోప్యా ఇంకో గడ్డపారకు తీగ చుట్టి, వెనక్కి వాలి బిగబట్టి లాగుతున్నాడు. ఆ వయసులో అంత బలం ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడా అనిపించింది కూతురికి. లాగిన తీగను జగదీష్ కడీకి కడుతున్నాడు.

ఆమె గంప దించి, చెట్టు నీడన ముంతలో నీళ్లు పోస్తూ అన్న పని చూస్తూ కూర్చుంది. చిన్నప్పటి నుంచీ ఆమెది అదే తీరు. నలుగురూ మాట్లాడుతుంటే ఆమె వాళ్ల చేతులు చూస్తుంది. అన్న చెయ్యి మంచి పనిచెయ్యి. చొక్కా జేబులో నుంచి సైకిల్ ట్యూబు ముక్క ఒకటి తీస్తాడు. దాన్ని కడీ చుట్టూ తిప్పి బొటనవేలితో అదిమి పట్టుకుంటాడు. దాని మీద నుంచి ముళ్ల తీగ పోనిచ్చి, సన్న తీగతో కట్టి, పట్టకారుతో మెలి తిప్పుతాడు. మళ్లీ జేబులో చెయ్యి. మళ్లీ ట్యూబు ముక్క. చూడకుండానే తీస్తున్నాడు, చూడకుండానే చుడుతున్నాడు. పుట్టినప్పటి నుంచి అదే పని చేస్తున్నవాడిలా ఉన్నాడు.

రాయి అంచుకు తీగ కోసుకుపోకుండా కాబోలు అనుకుంది ఉషారాణి.

భద్రయ్య గుంతలో నుంచి పైకొచ్చి, చెమట తుడుచుకుంటూ చూశాడు.

“ఏమయ్యా జగదీషూ, ముళ్ల తీగకు రబ్బరెందుకు? పందికి గుచ్చుకుంటే నొప్పి లేస్తదనా?”

గోప్యా కూడా నవ్వాడు. జగదీష్ పని ఆపకుండానే అన్నాడు: “అలవాటు బాబాయ్.”

“ఏం అలవాటయ్యా! గీ అలవాటు పందులకు కరెంటు తీగ పెట్టేటోళ్లకు ఉంటది. కట్టెకు రబ్బరు చుట్టకుంటే కరెంటు భూమిలకు పోతదని వాళ్లు చుడతరు. నువ్వు ముళ్ల కంచెకు చుడుతున్నవ్!” భద్రయ్య తన హాస్యానికి తానే పగలబడి నవ్వాడు. “పెండ్లికూతురుకు పెట్టే బాసికం బర్రెకు కట్టినట్టుంది.”

ఆ నవ్వులో గోప్యా నవ్వు కలవలేదు. అప్పటిదాకా ఉన్న నవ్వు కూడా ఆగిపోయింది. “నీళ్లు తాగినవా భద్రయ్యా?” అన్నాడు. “తాగితే గుంతల దిగు. పొద్దు నీ కోసం ఆగదు.”

జగదీష్ తన చేతిలోని ట్యూబు ముక్కను అప్పుడు చూశాడు. చూసి, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు. జేబులో పెట్టుకోబోయాడు, పారెయ్యబోయాడు, చివరికి తలెత్తి నేరుగా చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపే లేకపోతే ఉషారాణికి ఏమీ తట్టేది కాదు. ఊళ్లో ఎంతమంది ఎన్ని రకాలుగా కంచెలు కట్టుకోరు! కానీ భద్రయ్య మాటకు అన్న భద్రయ్యను చూడాలి గాని తనను చూడడమేమిటి?

అదే క్షణాన గోప్యా చేతిలో గడ్డపార జారింది. బిగిసి ఉన్న తీగ ఒక్కసారిగా ఎగిరి వెనక్కి చుట్టుకుంటూ వచ్చి జగదీష్ ముంజేతిని మోచేతి దాకా చీల్చింది.

* * *

తండ్రికీ భద్రయ్యకూ రొట్టెలు అక్కడే ఉంచి, అన్న వంతుతో గంప చంకన పెట్టుకుని ఉషారాణి ఇంటి దారిన ముందు నడిచింది. జగదీష్ కండువా చుట్టిన చేతిని గుండెకు ఆన్చుకుని వెనక వచ్చాడు. వాగు వంపు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఒకటి గుర్తుకొచ్చింది. కోటేష్ పోయిన మూడో నాడు ఇదే చోట ఇసుకలో మూరెడు వెదురు కట్టె ఒకటి దొరికింది. దాని కొసన కాలి బిగుసుకుపోయిన రబ్బరు చుట్ట. వాసన కూడా చూసింది. “ఏంది అన్నా ఇది?” అంటే, జగదీష్ ఆమె చేతిలో నుంచి తీసుకుని వాగులో విసిరేశాడు. “పిల్లలు ఆడుకునేది” అన్నాడు. అప్పుడు ఆమెకు కట్టె సంగతి ఎందుకు? మొగుడు పోయాడు.

బాలి కొడుకు చేతిని చూడగానే కేకపెట్టి, పసుపు డబ్బా తెచ్చింది. “ఓ నా కొడకా!” అంటూ అరుగు మీద కూర్చోబెట్టి, గుప్పెడు పసుపు తీసి గాయం మీద అద్దింది. అద్ది, పైనుంచి కిందికి దట్టంగా రాసింది. తోలు కనబడనంత దట్టంగా. మూడు వేళ్లు కలిపి, బొటనవేలు వెనక్కి పెట్టి.

ఉషారాణి గుంజకు ఆనుకుని నిలబడింది.

ఆ వేళ్లను ఆమె ఇలాగే ఒకసారి చూసింది. శవానికి స్నానం చేయించే రోజు మొగవాళ్లను పక్కకు పంపి, తల్లే కోటేష్ కాళ్ల దగ్గర కూర్చుంది. అల్లుడి కాళ్లు అత్త ముట్టుకోవడమేమిటని ఎవరో అంటే, “కొడుకసుంటోడు” అని ఏడ్చింది. మోకాళ్ల నుంచి పాదాల దాకా పసుపు మెత్తింది. ఉషారాణి దగ్గరికి పోబోతే, “వద్దు బిడ్డా, విషానికి నల్లబడ్డయి, చూడకు” అని భుజం పట్టి జరిపేసింది. నా తల్లికి నా మొగుడంటే ఇంత ప్రేమా అని అప్పుడు ఆమె అనుకుంది. ఏడాది పాటు అనుకుంది.

“యాడీ,” అంది. తల్లిని తమ భాషలో అలాగే పిలుస్తుంది. “ఆ రోజు ఆయన కాళ్లకు పసుపెందుకు రాసినవ్?”

బాలి చెయ్యి ఆగింది. “ఏ రోజు?”

“నీకు తెల్వదా ఏ రోజో?”

“పాము ముట్టినోనికి రాయరా ఏంది? గిప్పుడు ఎందుకది? నీళ్లు తే పో, అన్నకు నెత్తురు కారుతుంటే...”

“పాము ఒక్క కాలుకు కరుస్తది యాడీ. నువ్వు రెండు కాళ్లకు రాసినవ్.”

బాలి పసుపు డబ్బాకు మూత పెట్టింది. జగదీష్ తల వంచుకున్నాడు. అతని నుదుటి చెమట బొట్లు చేతి మీది పసుపులోకి రాలుతున్నాయి.

“కరెంటు తీగ నీదేనా అన్నా?”

కేక పెట్టి అడిగితే అతను కూడా కేక పెట్టేవాడేమో. ఆమె మామూలుగా, ఉప్పుందా అని అడిగినట్టు అడిగింది.

“పందులకు పెట్టిన చెల్లె,” అన్నాడు జగదీష్. “బావకు పెడతనా? ఒట్టు, పందులకే పెట్టిన. మోటారు స్టార్టరు కాడి నుంచి గుంజిన. బావ మన చేను దిక్కు ఎందుకు దాటిండో నాకిప్పటికీ అంతు చిక్కదు. పంది ఎంట పడి వచ్చిండో, బీడీ కోసం నా తానకు వచ్చిండో...”

“తీగ పెట్టేటోళ్లు పొద్దుగూకేటప్పుడు తండా తండా కేకేసి చెప్తరు గద. అటు దిక్కు రాకుండ్రి, కరెంటు ఇస్తున్నం అని. నువ్వు ఎవలికి చెప్పినవ్?”

“ఫారెస్టు బీట్ ఆఫీసరు తిరుగుతుండె. కేకేస్తే...”

“కేకెయ్యకుంటే మానె. నాకు ఫోను చేస్తే ఏం పోతుండె? నాకొక్కదానికి చెప్తే ఆయనను ఇంట్ల నుంచి కదలనిస్తునా?” ఆమె గుంజ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. “ఏడాది నుంచి నేనే చంపిన అనుకుంటున్న అన్నా. అన్నం ముద్ద నోట్ల పెట్టుకుంటే, ఆయన తినకుండ లేసిపోయిండు గదా అనుకుంటున్న. మా అత్త తిడుతుంటే నిజమే తిడుతుంది అనుకుంటున్న.”

“అందుకే గద చెల్లె...” జగదీష్ కళ్లు తుడుచుకోబోయి, పసుపు అంటిన చెయ్యి దించేశాడు. “అందుకే గద కంచె ఏస్తున్న.”

“కంచెనా!”

ఆ మాట అన్నది ఉషారాణే గాని, అది ఎవరో వేరే మనిషి నోట్లో నుంచి వచ్చినట్టుంది. చేను చుట్టూ నిలబెట్టిన ఆ కడీలన్నీ ఒక్కొక్కటే ఆమె కళ్ల ముందు నిలబడ్డాయి. రాత్రి వాటిని చేత్తో తడిమింది. చల్లగా ఉన్నాయి. నాకు నా వాళ్లున్నారు అనుకుని వచ్చి పడుకుంది.

బాలి లేచి వచ్చి కూతురి రెండు చేతులూ పట్టుకుంది. “ఉషా, నా తల్లీ, అయ్యిందేదో అయ్యింది. బయటపెడితే కోటేష్ వస్తడా? వాడు జైలుకు పోతే మీ బాపు బతుకుతడా? రేపు నీ బిడ్డ పెండ్లి పీటల మీద కూసుంటే మేనమామ లేకుండ ఎట్ల? నిన్ను మేం ఇడిచిపెట్టినమా చెప్పు. దున్నినం, ఇత్తనం ఏసినం, కంచె ఏస్తున్నం...”

“మరి నువ్వు పొద్దున మా అత్త అట్ల అంటుంటే ఇనుకుంట కూసున్నవు గద యాడీ. రోజూ తిడుతదని నీకు తెలుసు గద.”

“తిట్లదేముంది బిడ్డా?” అంది బాలి. అనేసింది, ఆలోచించకుండానే. “తిట్లకు ఎవలన్న సస్తరా? కేసు అయితే వాడు సస్తడు.”

ఉషారాణి తన చేతులను మెల్లగా విడిపించుకుంది. తల్లి ముఖంలోకి చూసింది. అందులో మోసం లేదు, కపటం లేదు. కొడుకునూ కూతురినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఎవరికి ఎంత తట్టుకునే ఓపిక ఉందో లెక్కగట్టుకున్న తల్లి ముఖం అది. ఓపిక ఉన్నదాని మీద బరువు పెట్టింది. చిన్నప్పుడు నీళ్ల బిందె కూడా అలాగే పెట్టేది. ‘నా బిడ్డకు ఓపిక ఎక్కువ’ అని నలుగురికీ గొప్పగా చెప్పేది.

ఎండ వాకిట్లోకి దిగింది. ఎండ ముదిరితే మేకలు ఇల్లు చేరే వేళ అవుతుందన్న సంగతి ఆ ముగ్గురిలో ఎవరికీ జ్ఞాపకం లేదు.

“ఇంకొక్కటి అడుగుత అన్నా,” అంది ఉషారాణి.

“అడగకు,” అంది బాలి గభాలున.

“నేను అన్నను అడుగుతున్న. ఆయన పడ్డది నీ చేన్ల. మాకు దొరికింది వాగు ఇవతల ఒడ్డున. నువ్వే మోసుకొచ్చి పండబెట్టినవ్ గద.”

జగదీష్ తల ఊపాడు.

“మోసేటప్పుడు ఊపిరి ఉండెనా?”

బాలి చేత్తో నోరు మూసుకుంది. జగదీష్ గాయపడిన చేతిని మరో చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊగుతున్నాడు. లేదు అంటే సరిపోయేది. ఒక్క మాట. అబద్ధమైనా సరే, ఆమె నమ్మడానికి సిద్ధంగానే ఉంది. అన్న ఆ ఒక్క మాట అంటే, మిగతా ఏడుపు ఎలాగో ఏడ్చుకునేది.

“నన్ను చూసిండు చెల్లె,” అన్నాడు జగదీష్. “జగ్గూ అన్నడు. నీళ్లు అడిగిండు. నేను భయపడ్డ. దవాఖానాకు తీస్కపోతే ఎట్ల అయిందని అడుగుతరు. ఏం చెప్పాలె? బాపు కోసం ఉరికిన. బాపును తీస్కొని వచ్చేసరికి...”

అతని మాట పూర్తి కాలేదు. అరుగు కింద పెట్టిన గంపలోకి ఓ మేకపిల్ల మూతి దూర్చి మిగిలిన రొట్టె లాగింది. గంప బోర్లాపడింది. ముగ్గురూ ఒక్కసారి అటు చూశారు. ఆ మేకపిల్ల వెనకే ఇంకో మేక, దాని వెనక ఇంకోటి, ఇంటి పక్క సందులో నుంచి వాకిట్లోకి వస్తున్నాయి. సందు మొదట్లో, తడిక పట్టుకుని సక్రి నిలబడి ఉంది.

ఎప్పటి నుంచి నిలబడిందో. ఆమె ముఖం చూస్తే, మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది.

“వదినా...” అంది బాలి.

సక్రి ఇంట్లోకి నడిచింది. పెట్టె మూత తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. మళ్లీ గడప దాటి వచ్చేసరికి ఆమె చేతిలో కోటేష్ చివరి రోజు తొడుక్కున్న ప్యాంటు ఉంది. ఉతకనివ్వకుండా, కాల్చనివ్వకుండా ఏడాదిగా మడతపెట్టి దాచుకున్నది. మోకాళ్ల కింద రెండు కాళ్లకూ ఒకే ఎత్తున కాలిన నల్లని గీత. పాము కరిచి కావలి మంటలో పడ్డాడేమో అనుకుందో ఏమో ఇన్నాళ్లూ. ఎవరినీ అడగలేదు.

జగదీష్ అరుగు దిగి ఆమె కాళ్ల మీద పడబోయాడు. సక్రి పక్కకు జరిగింది. తొక్కకుండా, తగలకుండా, దారిలో నీళ్ల గుంట ఉంటే జరిగినట్టు జరిగింది.

ఉషారాణి ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. సక్రి ఏదో ఒకటి అనాలి. నీ అన్నే చంపిండు అని, నీ వంశమే నా కొంప తీసింది అని, ఎంత మాటైనా సరే. దానికి తను బదులు చెప్పుకోవాలి. నాకు తెల్వదు అత్తా, గిప్పుడే తెలిసింది అని కాళ్లు పట్టుకోవాలి. ఉషారాణి పెదవులు కదిలాయి. కదిలినప్పుడే తల్లి వెనక నుంచి ఆమె కొంగు పట్టుకుంది. బిగించి పట్టుకుంది. ఉషారాణి ఆ కొంగును విడిపించుకోలేదు.

సక్రి ఆ కొంగునూ, పట్టుకున్న చేతినీ చూసింది. కోడలి ముఖంలోకి చూసింది. తరవాత ప్యాంటును చంకన పెట్టుకుని, తల మీద ముసుగు సర్దుకుని, వాకిలి దాటింది. ఎడమకు తిరిగితే చేను, గోప్యా ఇంకా పాతుతున్న కడీలు. ఆమె కుడికి తిరిగి, పోలీసు ఠాణా ఉన్న కారేపల్లి రోడ్డు ఎక్కింది.